ఏకిన దూది

దేవరకొండ ఖిల్లా కింద, పాత బస్టాండు సందులో
నేను కిరాయికున్న గదికి అడుగున
జానిమియా దూది దుకాణం.
పదకొండేళ్ళు పండుకొని పండుకొని
అట్టగట్టిన నా పరుపును
ఏప్రిల్ నెలలో ఏకమని ఇచ్చాను.

మిషను ఉంది. అయినా
గోడకున్న కమాను దించి
దస్తాతో నారి మీద కొట్టాడు.
ట్ణుం... ట్ణుం...
చూస్తుండగానే చేటెడు దూది గదెడైంది.
అడుగున ఇంకా విడని గట్టి గడ్డ,
చుట్టూ ఇంత ఉత్త ఉబ్బు.

పొద్దున ఇంటర్ పిల్లలకు చెప్పొచ్చిన గ్రహం ఇదే.
ఇంకో సూర్యుడి పొయ్యికి మరీ దగ్గరగా పుట్టింది.
తూకంలో నూటికి రెండు పాళ్ళు గాలి,
హైడ్రోజనూ హీలియమూ.
ఆ రెండు పాళ్ళే దాని సగం లావు.

తలుపు సందులోంచి పడ్డ ఎండ గీతలో
ఒక్కో పోగూ వెలిగి, తేలి, గడప దాటుతోంది.
"ఏకినప్పుడల్ల ఇంత పోతది సారూ.
ఇచ్చిన దూదే మళ్ళిస్త, తూకం తక్వొస్తది.
దొంగతనం జేసిన్నంటరు."

నాకు తెలిసిన దొంగ సంగతి చెప్పాను.
పడుచుతనంలో నక్షత్రానికి కోపమెక్కువ.
పది కోట్ల ఏళ్ళు ఎక్స్‌రేలతో కొడుతుంది.
పై గాలి కాగి, పొంగి,
గ్రహం పట్టు విడిపించుకుని జారిపోతుంది
వెనకాల పొడుగ్గా తోకలాగా.
ఆ తోక మన కంటికి ఆనదు.
గ్రహం తన సూర్యుడికి అడ్డమొచ్చిన ఆ రెండు గంటలే
వెలుగులో ఒక్క పోగు సన్నబడుతుంది,
ఎరుపుకు అవతల.
అది హీలియం పోగు.
పోతున్నదాన్ని పోతుండగా పట్టుకోవడం, అంతే.

"మొత్తం పోతదా?"

కొన్నిటికి పోతుంది. బండ మిగుల్తుంది.
కాస్త బరువున్నవి, కాస్త ఎడంగా తిరిగేవి
దుప్పటి నిలుపుకుంటాయి.
అందుకే లెక్కబెడితే
భూమికి ఒకటిన్నరింతల లోపు ఒక గుంపు,
రెండింతల పైన ఇంకో గుంపు,
నడుమ ఉన్నవి బహు తక్కువ.

"నడిమి సైజు మెత్తలు నా దగ్గర గూడ అమ్ముడువోవు"
నవ్వాడు. నవ్వు దగ్గయింది.
దగ్గు చాలాసేపు ఆగలేదు.
చెంబు అందించాను.
నీళ్ళ మీద కూడా నూగు తేలుతోంది.

మూతి తుడుచుకుని మళ్ళీ:
"సూర్యుడే తీసిండని ఎట్ల జెప్తరు?"

అక్కడే మాకూ తెగలేదు.
పుట్టినప్పటి వేడి రాతిలోనే దాగుండి
వంద కోట్ల ఏళ్ళు అడుగు నుంచి మెల్లగా తోసినా
చివరికి అదే బండ, అదే ఖాళీ.
బయటి దెబ్బా, లోపలి కాకా
మిగిలిన రాయిని చూసి చెప్పడం కష్టం.

ఆయనేమీ అనలేదు.
గూట్లోంచి పసుపుపచ్చ కవరు తీశాడు,
నల్లగొండ పెద్ద దవాఖానది.
చదవడం రాకపోయినా
ఎక్స్‌రేను తలుపు ఎండకు ఎత్తిపట్టాను.
నల్లటి రొమ్ములో తెల్లటి పొరలు,
ఏకు మీద ఏకు.

"డాక్టరు బీడీలంటడు. మా ఇంటామె దూదంటది.
నలభై ఆరేండ్ల దూది సారూ.
తూకంల తక్వొచ్చిందంత యాడికి వోయిందోనని
జనం నన్నడిగిండ్రు గదా.
ఇగో, దొరికింది."

మా పాఠంలో ఈ పేజీ లేదు.
గ్రహం విడిచిన గాలి ఎవరి రొమ్ములోకీ పోదు.
చీకట్లో పలచబడి పలచబడి
లెక్కకందకుండా పోతుందని రాసి
బోర్డు తుడిచేస్తాం.

ఆ రాత్రి డాబా మీద పరుపు ఎత్తుగా ఉంది.
రెండు మూడు నెలలు ఉంటుందట ఆ ఎత్తు.
ఎదురుగా ఖిల్లా గుట్ట,
పగలు తాగిన ఎండను ఇంకా ఊదుతున్న బండలు.
వాటి మీద ఒకప్పుడు మట్టి ఉండేదేమో,
అడిగితే చెప్పేవాళ్ళెవరు.
కింద దుకాణంలో దగ్గు,
ఆగి, మళ్ళీ.

తూకం వేయించలేదు నేను.

తెల్లారి కాలేజీకి బయల్దేరుతుంటే
చొక్కా భుజమ్మీద ఒక్క పోగు.
పెదవుల దాకా తెచ్చి
ఊదబుద్ధి కాలేదు.